మీ ఫోన్ గడియారంలో దాక్కున్న మద్రాసు టైమ్

ఇవాళ ఒక్క కమాండ్ పట్టుకుని చాలా దూరం వెళ్దాం. దాని పేరు డేట్. చూడ్డానికి ఇంత చిన్నది, కానీ దాన్ని తవ్వుకుంటూ పోతే మన సికింద్రాబాద్ రైల్వే స్టేషన్ దాకా వస్తుంది. నమ్మకపోతే చివరిదాకా చూడండి.

గేమ్‌లో లైఫ్స్ అయిపోతే ఫోన్ టైమ్ రెండు గంటలు ముందుకు జరిపే ట్రిక్ మీలో చాలామందికి తెలుసు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ఆటోమేటిక్ టైమ్ ఆఫ్ చేసి, వేలితో ముల్లు తిప్పేయడం. అదే పని కమాండ్ లైన్ నుంచి చేద్దాం అనుకోండి. ఫోన్‌ని కేబుల్‌తో లాప్‌టాప్‌కి కలపాలి, డెవలపర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేయాలి, ఏడీబీ షెల్ అని కొట్టాలి. ఇప్పుడు మీరు ఫోన్ లోపల ఉన్నట్టే. డేట్ అని ఉత్తగా కొడితే ఇవాళ్టి తేదీ, టైమ్ చెప్తుంది. మర్యాదగానే ఉంటుంది. కానీ డేట్ పక్కన మీరొక టైమ్ ఇచ్చి, ఇది పెట్టుకో అన్నారనుకోండి, స్క్రీన్ మీద చూడండి ఏం వచ్చిందో: ఆపరేషన్ నాట్ పర్మిటెడ్.

ఫోన్ మీది. డబ్బులు మీవి. ఈఎంఐ కూడా మీదే. అయినా టైమ్ మార్చే అధికారం మీకు లేదంటోంది. సెట్టింగ్స్ యాప్‌కి ఉంది, మీకు లేదు. ఎందుకంటే షెల్‌లోకి వెళ్లినప్పుడు మీరు 2000 నంబర్ యూజర్. గడియారం ముట్టుకోవాలంటే 0 నంబర్ యూజర్ అయ్యుండాలి, అంటే రూట్. లేదా కెర్నల్ ఆ ఒక్క పనికి విడిగా అనుమతి ఇచ్చి ఉండాలి. రూట్ చేసిన ఫోన్‌లోనో, ప్లే స్టోర్ లేని ఎమ్యులేటర్‌లోనో అయితే ఇదే కమాండ్ గుట్టుగా పని చేసేస్తుంది.

ప్రాక్టికల్ విషయం ఒకటి ఇక్కడే చెప్పేస్తా, లేకపోతే మళ్లీ కామెంట్స్‌లో అడుగుతారు. నెట్‌లో దొరికే పాత జవాబులు చాలావాటిలో డేట్ తర్వాత మైనస్ ఎస్ పెట్టి, ఏడాది ముందు రాసి, చుక్క పెట్టి గంటలు రాయమంటారు. అది పాత ఆండ్రాయిడ్ పద్ధతి. 2015లో వచ్చిన మార్ష్‌మాలో నుంచి లోపలి కమాండ్స్ టాయ్‌బాక్స్ అనే మూటలోంచి వస్తున్నాయి. అక్కడ వరుస వేరు: నెల, రోజు, గంట, నిమిషం, ఆ తర్వాత ఏడాది, చుక్క, సెకన్లు. 2025 జనవరి 26 ఉదయం పదిన్నర అయితే 012610302025.00 అని కొట్టాలి. ఏడాది చివర్లో ఎందుకొచ్చింది? ఇది యునిక్స్ కాలం నాటి అలవాటు. నెల, రోజు, గంట, నిమిషం ముందు, ఏడాది అవసరమైతేనే. టైమ్ సెట్ చేసేవాడికి ఇది ఏ సంవత్సరమో తెలిసే ఉంటుంది కదా అన్న లెక్క. ఇంకోటి, ముందు ఆటోమేటిక్ టైమ్ ఆఫ్ చేయకపోతే మీరు పెట్టిన టైమ్‌ని నెట్‌వర్క్ మళ్లీ తుడిచేస్తుంది.

సరే. ఇప్పుడు అసలు కథ.

ఫోన్‌కి గంటలు, నిమిషాలు, ఆదివారం, సోమవారం ఏవీ తెలీవు. దానికి తెలిసింది ఒకే ఒక అంకె. 1970 జనవరి 1 అర్ధరాత్రి నుంచి ఎన్ని సెకన్లు గడిచాయి, అంతే. ఆ అర్ధరాత్రి మనది కాదు, ఇంగ్లండ్‌లోని గ్రీనిచ్ లెక్కది. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయి లేచిన కొన్ని ఫోన్లు 1970 అని చూపించడం మీరు చూసే ఉంటారు. ఈసారి జాగ్రత్తగా చూడండి, టైమ్ ఉదయం 5:30 అని ఉంటుంది. గ్రీనిచ్‌లో అర్ధరాత్రి అయితే మనకి ఐదున్నర. అంటే కంప్యూటర్ లెక్క ప్రకారం కాలం మన దేశంలో సరిగ్గా సుప్రభాతం టైమ్‌కి మొదలైందన్నమాట.

ఈ సున్నా కూడా ఎక్కడో రాసిపెట్టి ఉన్నది కాదు. అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యునిక్స్ రాసినప్పుడు, 1971 నవంబర్ 3 తేదీతో వచ్చిన మొదటి మాన్యువల్‌లో సున్నా 1971 జనవరి 1. లెక్క సెకన్లలో కాదు, సెకనులో అరవయ్యో వంతుల్లో. 32 బిట్ల సంఖ్యలో అరవయ్యో వంతులు లెక్కపెడితే ఎన్నాళ్లు వస్తుంది? 829 రోజులు. రెండేళ్లు దాటిన కొన్నాళ్లకే గిన్నె నిండిపోతుంది. అందుకే తర్వాత సెకన్లకి మారారు, సున్నాని 1970కి జరిపారు. డేట్ కమాండ్ మాత్రం ఆ మొదటి మాన్యువల్ నుంచీ ఉంది. మీ జేబులో ఉన్న ఫోన్‌లో యాభై ఏళ్లు దాటిన ముసలి కమాండ్ ఒకటి నడుస్తోంది.

ఆ అంకె ఒక్కటే ఉంటే మనకి ఉపయోగం లేదు. దానికి ఐదున్నర గంటలు కలపాలి. ఎంత కలపాలో ఫోన్‌కి ఎవరు చెప్తారు? లోపల ఒక పట్టిక ఉంటుంది, టైమ్ జోన్ డేటాబేస్ అంటారు. ప్రపంచంలో ఏ ప్రాంతం ఏ తేదీన గడియారం ఎంత మార్చిందో అందులో వరుసగా రాసి ఉంటుంది. అమెరికాలో ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ అనే ఆయన 1980లలో మొదలుపెట్టారు, తర్వాత పాల్ ఎగర్ట్ చూసుకుంటున్నారు. అందులో ఇండియాకి ఒకటే పేరు: ఏషియా స్లాష్ కోల్‌కతా. హైదరాబాద్ అని వెతికితే దొరకదు. మనం కూడా కోల్‌కతా కిందే.

ఇప్పుడు లైనక్స్ లాప్‌టాప్‌లో ఒక ప్రశ్న అడుగుతున్నా, స్క్రీన్ చూడండి. టైమ్ జోన్ కోల్‌కతా పెట్టి, డేట్ కమాండ్‌కి 1900 జనవరి 1 మధ్యాహ్నం పన్నెండు ఇస్తున్నా. వచ్చింది చూశారా? సోమవారం అంది, కరెక్టే. కానీ ఐఎస్‌టీ అని రావాల్సిన చోట ఎంఎంటీ అని వచ్చింది. గ్రీనిచ్‌కి తేడా ఎంత అని అడిగితే 5 గంటల 21 నిమిషాల 10 సెకన్లు అంటోంది. ఇంకా వెనక్కి, 1860కి వెళ్తే హెచ్ఎంటీ అని వస్తుంది. ఇది మన తాతల చేతి గడియారం హెచ్ఎంటీ కాదండి, హౌరా మీన్ టైమ్. ఎంఎంటీ అంటే మద్రాస్ మీన్ టైమ్.

మద్రాసు టైమ్ మన దేశం మొత్తానికి ఎలా వచ్చింది? ఇక్కడే రైలు ఎక్కుతాం.

అంతకు ముందు ప్రతి ఊరికీ దాని టైమ్ దానిదే. సూర్యుడు నడినెత్తికి వస్తే పన్నెండు. మన వాళ్ల లెక్కలో గడియలు, విఘడియలు, జాములు. గడియ అంటే 24 నిమిషాలు. గడియారం అన్న మాట అందులోంచే వచ్చింది. పంచాంగం సిద్ధాంతి ఈ రోజుకి కూడా ఊరు మారితే లెక్క మారుస్తాడు, అదేమీ చాదస్తం కాదు, భూగోళం. ఒక డిగ్రీ రేఖాంశానికి నాలుగు నిమిషాలు. మీరే చేసి చూడండి: మ్యాప్స్‌లో మీ ఊరి మీద వేలు నొక్కి పట్టుకుంటే రెండు అంకెలు వస్తాయి, రెండోది తీసుకుని నాలుగుతో గుణించండి. సికింద్రాబాద్ 78.5. నాలుగుతో గుణిస్తే 314 నిమిషాలు, అంటే 5 గంటల 14 నిమిషాలు. ఇది మన సొంత టైమ్. ఇప్పుడు మనం వాడుతున్నది 5:30. అంటే మన గడియారం మన సూర్యుడి కంటే 16 నిమిషాలు ముందు పరుగెడుతోంది. విశాఖపట్నం వాళ్లు లెక్కేస్తే 5:33 వస్తుంది, వాళ్లకి గడియారమే మూడు నిమిషాలు వెనక. ఐఎస్‌టీకి ఆధారమైన 82.5 డిగ్రీల గీత కాకినాడ దగ్గర నుంచి పోతుంది కాబట్టి కాకినాడ వాళ్ల గడియారం, సూర్యుడు దాదాపు కలిసే ఉంటారు. అదృష్టవంతులు.

ఎవరి ఊళ్లో వాళ్లు ఉన్నన్నాళ్లు ఇది సమస్యే కాదు. ఎడ్లబండికి 7 నిమిషాలు ఒక లెక్కా? రైలుకి లెక్కే. ఒకే పట్టా మీద అటు నుంచి ఒకటి, ఇటు నుంచి ఒకటి రావాలంటే, ఇద్దరు స్టేషన్ మాస్టర్ల గోడ గడియారాలు ఒకే మాట చెప్పాలి.

సికింద్రాబాద్‌కి రైలు 1874లో వచ్చింది. బొంబాయి నుంచి రాయచూరు వైపు వెళ్లే లైన్ మీద వాడి అనే స్టేషన్ ఉంది, ఇప్పుడు కర్ణాటకలో. అక్కడి నుంచి తాండూరు, వికారాబాద్ మీదుగా ఇక్కడికి నిజాం డబ్బుతో లైన్ వేశారు. ఆ పట్టాలతో పాటు టెలిగ్రాఫ్ తీగ వచ్చింది, తీగతో పాటు ఎక్కడో పుట్టిన టైమ్ వచ్చింది. అప్పటికి దేశంలో రైల్వేలు ఒక రాజీకి వచ్చి ఉన్నాయి. బొంబాయి టైమ్ గ్రీనిచ్‌కి 4:51 ముందు, కలకత్తా టైమ్ 5:53 ముందు. రెండిటికీ గంట తేడా. ఒకళ్లది ఇంకొకళ్లు ఒప్పుకోరు. మద్రాసు 5:21, సరిగ్గా మధ్యలో. పైగా అక్కడ ఈస్ట్ ఇండియా కంపెనీ 1792లో కట్టించిన అబ్జర్వేటరీ ఉంది, నక్షత్రాలు చూసి గడియారం సరిచేసే యంత్రాంగం ఉంది. ఆ అబ్జర్వేటరీ రాతి స్తంభం మీద తెలుగులో కూడా చెక్కించారు. చింతామణి రఘునాథాచారి అని అక్కడ పని చేసిన ఖగోళ శాస్త్రవేత్త, పాత సూత్రాల కంటే కళ్లతో చూసిన లెక్కలతోనే పంచాంగం రాయాలని వాదించిన మనిషి. ఆయన మీద విడిగా ఒక ఎపిసోడ్ చేయాలి.

సో, మద్రాసులో నక్షత్రం చూస్తారు, గడియారం దిద్దుతారు, టెలిగ్రాఫ్ తీగలో సిగ్నల్ పంపుతారు, దూరంలో ఉన్న స్టేషన్లు తమ గడియారాలు సర్దుకుంటాయి. ఇప్పుడు మీ ఫోన్ చేసేది ఇదే. ఎన్‌టీపీ అంటారు, డేవిడ్ మిల్స్ అనే ప్రొఫెసర్ 1985లో రాసిన పద్ధతి. ఫోన్ ఒక సర్వర్‌ని టైమ్ ఎంత అని అడుగుతుంది, ప్రశ్న వెళ్లడానికి, జవాబు రావడానికి పట్టిన సమయం కొలిచి అందులో సగం సర్దుతుంది. సిమ్ నెట్‌వర్క్ కూడా టవర్ నుంచి టైమ్ పంపుతుంది. తీగ పోయి గాలి వచ్చింది, అంతే తేడా.

మరి ఆ రోజుల్లో సికింద్రాబాద్‌లో దిగిన ప్రయాణికుడి పరిస్థితి ఏంటి? స్టేషన్ గోడ మీద మద్రాసు టైమ్. తల పైన సూర్యుడు దానికి 7 నిమిషాలు వెనక. ఇది చాలదన్నట్టు హుస్సేన్ సాగర్ దాటితే సంవత్సరమే మారిపోయేది! నేను ఎక్కువ చేసి చెప్పట్లేదు. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో ఇంగ్లీషు తేదీలు. కట్టకి అవతల నిజాం ఆఫీసుల్లో ఫసలీ సంవత్సరం. ఏడాది అక్టోబర్‌లో మొదలు, నెలల పేర్లు ఆజూర్, దై, బహమన్ ఇలా. ఇంగ్లీషు ఏడాదిలోంచి సుమారు 590 తీసేస్తే ఫసలీ వస్తుంది. ఇటు 1906 జనవరి, అటు 1315 ఫసలీ. మీ ఇంట్లో పాత భూమి కాగితాలు ఉంటే తీసి చూడండి, పహాణీల మీద ఫసలీ అన్న మాట కనిపిస్తుంది. ఈ తేడా పట్టికలో పెట్టమంటే ఓల్సన్ గారు కూడా చేతులెత్తేసేవారు.

1897 ఫిబ్రవరిలో సికింద్రాబాద్ క్లాక్ టవర్‌ని అప్పటి బ్రిటిష్ రెసిడెంట్ ప్లౌడెన్ ప్రారంభించాడు. ఎత్తు 120 అడుగులు. లోపలి గడియారం ఇచ్చింది దివాన్ బహదూర్ సేఠ్ లక్ష్మీనారాయణ్ రామ్‌గోపాల్ అనే వ్యాపారి. రోజూ దాని పక్కనుంచి బస్సులో వెళ్తూ మనం దాన్ని ఒక బస్టాప్ పేరుగానే చూస్తాం. కానీ జేబు గడియారాలు డబ్బున్న వాళ్లకి మాత్రమే ఉన్న కాలంలో అది ఊరందరి లాక్ స్క్రీన్. అలాంటి గడియారాలకి ఎవరో ఒకరు మెట్లెక్కి కీ ఇవ్వాలి, ముల్లు దిద్దాలి. కింద నిలబడి చూసేవాళ్లు వేలమంది, పైకెక్కి మార్చే తాళం చెవి ఉన్నది ఒకళ్లిద్దరికి. రూట్ యూజర్ అంటే ఆ తాళం చెవి ఉన్నవాడు. షెల్ యూజర్ నంబర్ 2000 కింద రోడ్డు మీద నిలబడి తలెత్తి చూసేవాడు.

ఇక 1905. కర్జన్ వైస్రాయ్‌గా ఉన్న కాలం. మద్రాసు టైమ్ పోయి, గ్రీనిచ్‌కి సరిగ్గా ఐదున్నర గంటలు ముందుండే కొత్త టైమ్ పెట్టాలని నిర్ణయించారు. రైల్వేలు, టెలిగ్రాఫ్ ఆఫీసులు 1905 జూలై 1న మారాయి. మిగతా వాళ్లకి 1906 జనవరి 1. మన డేటాబేస్‌లో రెండో తేదీ మాత్రమే ఉంటుంది, అంటే రైల్వే విషయంలో మీ కంప్యూటర్ ఆరు నెలలు తప్పు చెప్తోంది. ఎంత జరిపారు? 5:30 లోంచి 5:21:10 తీసేయండి. 8 నిమిషాల 50 సెకన్లు. స్టేషన్ గడియారాలన్నీ ఆ మేరకి ముందుకు తిప్పారు.

కమాండ్ ఇచ్చింది రూట్ యూజరే. అయినా అందరూ వినలేదు. బొంబాయిలో పెద్ద గొడవ అయింది. ఎందుకంటే వాళ్లకి తేడా 39 నిమిషాలు. ఉదయం ఆరింటికి మిల్లుకి రమ్మంటే, నిన్నటి లెక్కలో 5:21కే రావాలి. చీకట్లో లేవాలి, కూలి మాత్రం అంతే. మిల్లు కార్మికులు ఎదురు తిరిగారు. మున్సిపల్ కార్పొరేషన్ ఊరి గడియారాలకి బొంబాయి టైమే ఉంచుతామని తీర్మానం చేసింది. బెంగాల్ విభజన వేడి కూడా అప్పుడే కాబట్టి, ఇది మా టైమ్, మీ టైమ్ కాదు అన్న మాటకి బలం వచ్చింది. ఫలితం ఏంటంటే దశాబ్దాల పాటు బొంబాయి స్టేషన్‌లో ఒక టైమ్, బయట ఊళ్లో ఇంకో టైమ్. సికింద్రాబాద్ నుంచి రైల్లో వెళ్లినవాడు ప్లాట్‌ఫామ్ దాటగానే 39 నిమిషాలు వెనక్కి వెళ్లేవాడు. కలకత్తా 1948లో వదిలేసింది. బొంబాయి 1955 దాకా లాగింది. స్వాతంత్ర్యం వచ్చిన ఎనిమిదేళ్లకి! నాకైతే ఆ మిల్లు కార్మికుల పక్షమే సరైనదనిపిస్తుంది. గడియారం మారిస్తే ఎవరి నిద్ర పోతుందో చూడకుండా కమాండ్ కొట్టేయడం ఇప్పటి సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో కూడా ఉంది. అమెరికా క్లయింట్ డేలైట్ సేవింగ్ పెట్టినప్పుడల్లా మన మీటింగ్ జరిగిపోతుంది కదా.

డేలైట్ సేవింగ్ అంటే గుర్తొచ్చింది. మన దేశంలో కూడా అది ఉండేది, తెలుసా? రెండో ప్రపంచ యుద్ధంలో గడియారాల్ని ఒక గంట ముందుకి తిప్పారు. 1942 సెప్టెంబర్ నుంచి 1945 అక్టోబర్ 15 దాకా గ్రీనిచ్‌కి ఆరున్నర గంటలు ముందు. ఇదిగో, 1944 జనవరి తేదీ ఇస్తే ప్లస్ 6:30 అని చూపిస్తోంది. మీ ముత్తాతో, బామ్మో, అమ్మమ్మో ఆ మూడేళ్లలో పుట్టి ఉంటే, పుట్టిన టైమ్ గడియారం చూసి రాసి ఉంటే, జాతకం వేసేటప్పుడు ఒక గంట తీసేయాలి. లేకపోతే లగ్నమే మారిపోయే అవకాశం ఉంది. అనుభవం ఉన్న సిద్ధాంతులకి ఈ యుద్ధం గంట గురించి తెలుసు. యాప్‌లకి తెలుసా అంటే, ఈ డేటాబేస్ వాడితే తెలుసు.

జాతకం మాట వచ్చింది కాబట్టి, ఈ డేటాబేస్‌ని ఒకసారి దాదాపు ఆపేసింది కూడా జ్యోతిషమే. 2011 సెప్టెంబర్ చివర్లో ఆస్ట్రోలేబ్ అనే అమెరికన్ జ్యోతిషం సాఫ్ట్‌వేర్ కంపెనీ ఓల్సన్ మీద, ఎగర్ట్ మీద కేసు వేసింది. పాత టైమ్ మార్పుల వివరాలు మా అట్లాస్ పుస్తకంలోంచి తీసుకున్నారు, అది మా కాపీరైట్ అని. అక్టోబర్ 6న డేటాబేస్ ఉన్న సర్వర్ మూతపడింది. ప్రపంచంలో ఉన్న ఫోన్లు, సర్వర్లు, విమానాల టికెట్ సిస్టమ్స్ నమ్ముకున్న పట్టిక అది. దాన్ని ఇద్దరు ముగ్గురు తమ ఖాళీ సమయంలో చూసుకుంటున్నారని చాలామందికి అప్పుడే తెలిసింది. కొద్ది రోజుల్లోనే ఐకాన్ సంస్థ బాధ్యత తీసుకుంది. 2012 ఫిబ్రవరిలో ఆస్ట్రోలేబ్ కేసు వెనక్కి తీసుకుని సారీ చెప్పింది. ఫలానా ఊళ్లో ఫలానా రోజు గడియారం గంట ముందుకి తిప్పారు అన్నది జరిగిన విషయం. జరిగిన విషయానికి ఓనర్ ఎవరు?

ఇప్పుడు మళ్లీ మొదటి ప్రశ్నకి. నా ఫోన్ టైమ్ నన్నెందుకు మార్చనివ్వదు?

గేమ్ కోసం కాదు. మీ ఫోన్ ఒక వెబ్‌సైట్ తెరిచినప్పుడు, ఆ సైట్ ఒక సర్టిఫికెట్ చూపిస్తుంది. దాని మీద ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా చెల్లుతుంది అని ఉంటుంది. మీ ఫోన్ 1970లో ఉంటే అన్ని సర్టిఫికెట్లూ ఇంకా పుట్టనివే. బ్యాంకు యాప్ తెరుచుకోదు, బ్రౌజర్ మీ గడియారం తప్పు అని తిడుతుంది. అదే ఎవడైనా దొంగ, ఎప్పుడో గడువు తీరిన సర్టిఫికెట్ సంపాదించి, మీ ఫోన్ గడియారాన్ని ఆ పాత తేదీకి తిప్పగలిగితే, ఫోన్ దాన్ని నమ్మేస్తుంది. అథెంటికేటర్ యాప్‌లో 30 సెకన్లకోసారి మారే ఆరు అంకెలు కూడా గడియారంలోంచే పుడతాయి, నెట్ అక్కర్లేకుండా. గడియారం ఒకటి తప్పితే వరుసగా అన్ని తలుపులూ తప్పుతాయి. 2016 ఫిబ్రవరిలో ఇంకో వింత బయటపడింది: కొన్ని ఐఫోన్లలో తేదీని 1970 జనవరి 1కి తిప్పి, ఆఫ్ చేసి ఆన్ చేస్తే అవి ఇటుకలైపోయేవి. సరదాకి స్నేహితుల ఫోన్లు పాడు చేసిన వాళ్లు కూడా ఉన్నారు. ఆపిల్ తర్వాతి అప్‌డేట్‌లో సరిచేసింది. కాబట్టి షెల్ యూజర్‌ని ఆపడంలో అర్థం ఉంది. తాళం వేయడం తప్పు కాదు. కొన్న మనిషికి తాళం చెవి అసలే ఇవ్వకపోవడం మాత్రం నాకు నచ్చదు, అది వేరే గొడవ.

మన దేశంలో ఇప్పుడు మద్రాసు అబ్జర్వేటరీ స్థానంలో ఉన్నది ఢిల్లీలో నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ. నక్షత్రాలు కాదు, సీజియం అణువులు. అణువు 919 కోట్ల 26 లక్షల 31 వేల 770 సార్లు ఊగితే ఒక సెకను. 2022 ఏప్రిల్‌లో సెర్ట్ ఇన్ ఒక ఆదేశం ఇచ్చింది, సర్వర్లు నడిపే కంపెనీలు తమ గడియారాలు ఈ ల్యాబ్‌తోనో ఎన్ఐసీతోనో కలపాలని. సైబర్ నేరం జరిగినప్పుడు ఎవరి లాగ్‌లో ఏ టైమ్ ఉందో తేలకపోతే కేసే నిలబడదు. 1870లలో స్టేషన్ మాస్టర్ల గోడ గడియారాల కథే ఇది.

అసలు ఆ రైలు మార్గం ఏమైందంటే, అదీ వినండి. వాడి నుంచి వికారాబాద్, లింగంపల్లి దాకా ఉన్న అదే లైన్ మీద, 2016లో ఒక కొత్త వ్యవస్థని ప్రయాణికుల రైళ్లలో పరీక్షించడం మొదలుపెట్టారు. ఇప్పుడు దాని పేరు కవచ్. రెండు రైళ్లు ఎదురెదురుగా వస్తే, డ్రైవర్ ఆపకపోయినా అదే బ్రేక్ వేస్తుంది. 2022 మార్చి 4న సికింద్రాబాద్ డివిజన్‌లో గుల్లగూడ, చిట్గిద్ద స్టేషన్ల మధ్య రైల్వే మంత్రి ఇంజన్‌లో కూర్చుని మరీ పరీక్ష చూశారు. ఇందులో నాకు నచ్చిన చిన్న విషయం: రైలు ఎక్కడుందో చెప్పడానికి పట్టాల మధ్య ఆర్ఎఫ్ఐడీ ట్యాగులు ఉంటాయి. శాటిలైట్ సిగ్నల్ తీసుకునేది ముఖ్యంగా టైమ్ కోసం. ఇంజన్లు, స్టేషన్లు రేడియోలో వంతులవారీగా మాట్లాడుకోవాలి, ఎవరి వంతు ఎప్పుడో తెలియాలంటే అందరి గడియారం ఒకటే ఉండాలి. 1874లో తీగ మీద వచ్చిన టైమ్ ఇప్పుడు అదే దారిలో ఆకాశం నుంచి వస్తోంది.

చివరగా ఒక లెక్క. సెకన్ల అంకె దాచుకునే గిన్నె పాత 32 బిట్ సిస్టమ్స్‌లో చిన్నది అన్నాను కదా. అది 2038 జనవరి 19న నిండుతుంది. మన టైమ్‌లో ఆ మంగళవారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకి. కొత్త ఫోన్లకి ఏమీ కాదు, అవి 64 బిట్. వైటూకే అప్పుడు అమీర్‌పేటలో కోర్సు నేర్చుకుని అమెరికా వెళ్లిన మన వాళ్లలాగా, దీనికీ ఎవరో ఒకరు పాత మెషీన్లు వెతికి బాగు చేస్తూ ఉంటారు. కానీ ఎక్కడో ఒక గోడౌన్‌లోనో, లిఫ్ట్ ప్యానెల్‌లోనో బాగు చేయని 32 బిట్ లైనక్స్ డబ్బా మిగిలిపోయి, దానికి టైమ్ జోన్ కోల్‌కతా అని పెట్టి ఉందనుకోండి. 8:44:08కి దాని అంకె తిరగబడి మైనస్‌లోకి వెళ్తుంది. గ్రీనిచ్ లెక్కలో 1901 డిసెంబర్ 13 రాత్రి 8:45:52. దాన్ని మన టైమ్‌కి మార్చాలి కదా, పట్టిక తెరుస్తుంది. 1901లో ఐఎస్‌టీ లేదు. 5:21:10 కలుపుతుంది.

స్క్రీన్ మీద చూడండి: 1901 డిసెంబర్ 14, తెల్లవారుజాము 2 గంటల 7 నిమిషాల 2 సెకన్లు, ఎంఎంటీ. మద్రాసు టైమ్.